టీపీయూ కంటే మెత్తగా ప్రింట్ అయ్యేది ఏదైనా ఉందా? (పేగు మోడల్ కోసం)

కాకినాడ_బయోమెడ్
అందరికీ నమస్కారం. ఒక మెడికల్ కాలేజీ స్కిల్స్ ల్యాబ్‌లో బయోమెడికల్ ఇంజనీర్‌ని. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనల పుణ్యమా అని ల్యాబ్ గది వచ్చింది, ఏసీ వచ్చింది, అందులో పెట్టే మోడళ్లకే డబ్బుల్లేవు. దిగుమతి చేసుకున్న పేగు మోడల్ ఒక బ్యాచ్ కుట్లు వేస్తే అయిపోతుంది. మళ్లీ కొనాలంటే ఫైల్ కదలదు.

మా దగ్గర మామూలు ఎఫ్‌డీఎం ప్రింటర్ (ప్లాస్టిక్ తీగని కరిగించి పొరలుగా పేర్చే త్రీడీ ప్రింటర్) ఉంది. సర్జరీ పీజీలు పేగు రెండు కొసలు కలిపి కుట్టడం (ఎనాస్టొమోసిస్) నేర్చుకోవడానికి టీపీయూ అనే రబ్బరు లాంటి ప్లాస్టిక్‌లో 95ఏ రకంతో (అంకె తగ్గేకొద్దీ మెత్తన) గొట్టం ప్రింట్ చేసి ఇచ్చాను. ప్రొఫెసర్ గారు ఒక కుట్టు వేయబోతే సూది వంగింది. "ఇది పేగా, తోటకి నీళ్లు పెట్టే పైపా?" అన్నారు. తర్వాత 85ఏ తెప్పించాను. కొంచెం నయం, అంతే. ఇంతకంటే మెత్తటి ఫిలమెంట్ (ప్రింటర్ తీగ) ఏదైనా ఎవరైనా వాడారా?

వైర్‌స్పూల్
బాలానగర్‌లో ప్రింటింగ్ షాపు మాది. మెత్తటి ఫిలమెంట్లు ఉన్నాయి. ఫిలాఫ్లెక్స్‌లో 60ఏ వరకు దొరుకుతుంది. తీగని నెట్టే మోటారు నాజిల్ పక్కనే ఉండే డైరెక్ట్ డ్రైవ్ ఎక్స్‌ట్రూడర్ తప్పనిసరి, పొడుగాటి గొట్టం గుండా నెట్టే బౌడెన్ ట్యూబ్ ప్రింటర్‌తో ప్రయత్నించకండి. వేగం సెకనుకి 20 మి.మీ. దాటనివ్వొద్దు, రిట్రాక్షన్ (తీగని మధ్యమధ్యలో వెనక్కి లాగడం) దాదాపు తీసేయండి. ముఖ్యంగా ఫిలమెంట్‌ని బాగా ఆరబెట్టాలి. సముద్రం పక్క ఊరు కదా మీది, స్పూల్ రాత్రంతా బయట ఉంటే పొద్దున్నకి నాజిల్‌లోంచి పటపటమని బుడగలు.

ఇంకోటి, నురగ కట్టే టీపీయూ. కలర్‌ఫ్యాబ్ వాళ్ల వేరియోషోర్ లాంటిది. నాజిల్ వేడి పెంచేకొద్దీ లోపల నురగ కట్టి మెత్తబడుతుంది. ఒకే వస్తువులో ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ప్రింట్ చేయొచ్చు. మామూలు టీపీయూ అయితే గోడ ఒకటే పెట్టి, లోపల నింపే అల్లిక (గైరాయిడ్ ఇన్‌ఫిల్) 10 శాతం ఇవ్వండి. చేత్తో నొక్కితే స్పాంజిలా ఉంటుంది.

డాక్టర్_రేపల్లె
చేత్తో నొక్కడానికి కాదు బాబూ, సూది దించడానికి. పైన గోడ గట్టిగానే ఉంటుంది కదా, లోపల గాలి ఉంటే సూదికేం లాభం?

వైర్‌స్పూల్
అది నిజమే సార్. సూది తగిలేది గోడకే.

పాలిమర్_పద్మ
కొన్ని అంకెలు చెప్తాను, తర్వాత ఏ ఫిలమెంట్ కొనాలన్న చర్చ అవసరం ఉండకపోవచ్చు.

షోర్ కాఠిన్యానికి చాలా స్కేళ్లున్నాయి. ఫిలమెంట్ డబ్బా మీద ఉండే 95ఏ, 85ఏ, 60ఏ అన్నీ 'ఏ' స్కేలు. టైర్లు, చెప్పుల సోల్స్ లాంటి రబ్బర్ల కోసం పుట్టిన కొలత అది. శరీరంలోని మెత్తటి కణజాలాన్ని ఆ స్కేలు మీద కొలిస్తే ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. అందుకే అలాంటి వాటికి 'షోర్ 00' స్కేలు వాడతారు. మోడళ్లు చేసేవాళ్లు తరచూ చెప్పే ఎకోఫ్లెక్స్ 00-30, 00-10 సిలికాన్లలో ఆ 00 అదే.

నింజాఫ్లెక్స్ అనే 85ఏ టీపీయూ మాడ్యులస్ (సాగదీతకి ఎదురు నిలిచే గట్టిదనం) 12 మెగాపాస్కల్, అంటే 12,000 కిలోపాస్కల్. ఎకోఫ్లెక్స్ 00-30ని రెట్టింపు పొడవుకి సాగదీయడానికి 69 కిలోపాస్కల్ చాలు. ఆరోగ్యమైన కాలేయం ఎలాస్టోగ్రఫీలో (గట్టిదనం కొలిచే స్కాన్) చూపించేది 2 నుంచి 6 కిలోపాస్కల్. ఈ మూడూ ఒకే రకం కొలతలు కావు కాబట్టి పక్కపక్కన పెట్టి భాగించకూడదు. అయినా తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. 95ఏ నుంచి 60ఏకి దిగడం ఈ లెక్కలో ఒక మూలకి కూడా రాదు.

పైగా ఫిలమెంట్‌ని పళ్ల చక్రం పట్టుకుని కిందికి నెట్టాలి. మరీ మెత్తగా ఉంటే నెట్టినప్పుడు మెలికపడి పక్కకి పోతుంది. కాబట్టి ఎఫ్‌డీఎంలో మెత్తదనానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు పేగుకి చాలా ఇవతలే ఆగిపోతుంది.

కాకినాడ_బయోమెడ్
మేడమ్, మరి రెజిన్ ప్రింటర్లో (ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచేది)?

పాలిమర్_పద్మ
ఫార్మ్‌ల్యాబ్స్ ఎలాస్టిక్ 50ఏ, సిలికాన్ 40ఏ ఉన్నాయి. సన్న చుక్కలుగా చల్లి ప్రింట్ చేసే పాలీజెట్ యంత్రాల్లో అజిలస్30 అని 30ఏ ఉంటుంది. స్ట్రాటసిస్ 2019లో డిజిటల్ అనాటమీ అని వైద్యం కోసమే ఒక ప్రింటర్ తెచ్చింది. టిష్యూమ్యాట్రిక్స్, జెల్‌మ్యాట్రిక్స్, బోన్‌మ్యాట్రిక్స్ అని మూడు పదార్థాలు, వాటిని చుక్క చుక్కగా కలిపి ఎముక దగ్గర నుంచి గుండె కండరం దాకా అనుకరిస్తారు. బాగానే ఉంటుంది. ధర గురించి మీ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడే ధైర్యం మీకుంటే అడగండి :)

మామూలు ఫ్లెక్సిబుల్ రెజిన్‌కి ఇంకో చిక్కు. వంచితే వంగుతుంది కానీ సూది గుచ్చిన రంధ్రం దగ్గర్నుంచి దారం లాగగానే పగులు సాగిపోతుంది. మెత్తదనం వేరు, చిరుగుని తట్టుకునే గుణం వేరు. ఎకోఫ్లెక్స్ 00-30 చిరుగుబలం అంగుళానికి 38 పౌండ్లు, డ్రాగన్ స్కిన్ 10 అనే ఇంకో సిలికాన్‌ది 102. కుట్టు వేసే మోడల్‌కి నేనైతే ముందు ఈ రెండో అంకె చూస్తాను.

డాక్టర్_రేపల్లె
పద్మ గారు అసలు పాయింటుకి దగ్గరగా వచ్చారు. కాకినాడ మిత్రుడు 'మెత్తగా' అని ఒకే మాట పట్టుకున్నాడు. ఒక సర్జన్‌గా చెప్తున్నా, పీజీ చెయ్యి నేర్చుకోవాల్సింది మెత్తదనం కాదు.

పేగు గోడలో పొరలుంటాయి. లోపల మ్యూకోసా, దాని కింద సబ్‌మ్యూకోసా, ఆపైన కండరం, బయట సిరోసా. కుట్టుని పట్టుకునేది సబ్‌మ్యూకోసా ఒక్కటే. అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ 1887లోనే కుక్కల పేగుల మీద చూపించాడు ఈ సంగతి. మిగతా పొరల్లో దారం వేసి లాగితే తెగి చేతికొస్తుంది. కాబట్టి కుర్రవాడికి ఏం తెలియాలి? సూది ఆ పొరని పట్టిందా లేదా అన్నది వేలికి తెలియాలి. అంచుకి మరీ దగ్గరగా వేస్తే కోసుకుపోవాలి. ముడి మరీ బిగిస్తే చిరగాలి. ఏం చేసినా చిరగని మోడల్ మీద నేర్చుకున్నవాడు థియేటర్లో చింపుతాడు.

మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి? పొద్దున్నే మాంసం కొట్టుకెళ్లి మేక పేగులు తెచ్చుకునేవాళ్లం. కడిగి, సెలైన్‌లో వేసి, కుట్టడమే. ఇప్పటికీ దాన్ని మించిన మోడల్ లేదని నా అభిప్రాయం.

సందేహరాయుడు
అదే నేనూ అడగాలనుకున్నా. కంటి డాక్టర్లు ఈనాటికీ వెట్ ల్యాబ్‌లో మేక కళ్ల మీదే కాటరాక్ట్ నేర్చుకుంటున్నారు. మరి ఇంత ప్రింటింగ్, సిలికాన్, రెజిన్ హడావుడి ఎందుకు?

కాకినాడ_బయోమెడ్
ఏసీ గదిలో పేగులు తెచ్చి పెడితే సాయంత్రానికి మా పరిస్థితి ఏంటో మీరే ఊహించుకోండి. వ్యర్థాలు ఎక్కడ పారేయాలన్నది ఇంకో గొడవ. అదొక్కటే కాదు, పరీక్ష పెట్టాలంటే అందరికీ ఒకే పేగు కావాలి. ఒకడికి ముదురు మేకది, ఒకడికి పిల్ల మేకది వస్తే మార్కులెలా వేస్తారు?

డాక్టర్_రేపల్లె
పరీక్ష సంగతి ఒప్పుకుంటా. వాసన సంగతికి ఒప్పుకోను, సర్జన్ అవుదామనుకునేవాడు వాసనకి ముక్కు మూసుకుంటే ఎలా?

మేకప్‌గది
సినిమాలకి ప్రోస్థెటిక్ మేకప్ చేస్తాను, హైదరాబాద్. గాయాలు, తెగిన చేతులు, ముసలి ముఖాలు, అన్నీ సిలికానే. డాక్టర్లు ఇన్ని మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడం బాగుంటుందో లేదో గానీ, మీరు ప్రింటర్‌తో తప్పు పని చేయిస్తున్నారనిపిస్తోంది. ప్రింటర్‌తో పేగు చేయకండి అన్నా, అచ్చు చేయండి. పేగు సిలికాన్‌తో పోయండి.

నేనైతే ఇలా చేస్తాను. పీఎల్‌ఏతో (మామూలు గట్టి ప్రింటింగ్ ప్లాస్టిక్) ఒక కడ్డీ ప్రింట్ చేయండి, వ్యాసం రెండున్నర సెంటీమీటర్లు చాలు. పొరల గీతలు కనబడకుండా ఎమరీ పేపర్‌తో రుద్దండి, లేకపోతే ప్రతి గీతా సిలికాన్ మీద అచ్చుపడుతుంది. పల్చగా వ్యాజిలీన్ రాయండి. మొదటి పొర ఎకోఫ్లెక్స్ 00-10, కాస్త గులాబీ రంగు కలిపి బ్రష్‌తో. అది జిగురుగా ఉండగానే సన్నటి సాగే నెట్ గుడ్డ, పవర్‌మెష్ అంటారు, చుట్టండి. డాక్టర్ గారు చెప్పిన సబ్‌మ్యూకోసా అదే అనుకోండి. పైన ఇంకో పొర 00-30. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కి తనంతట తానే అతుక్కుంటుంది, వేరే గమ్ అక్కర్లేదు. మా దగ్గర ముఖం మీద పెట్టే ముక్కల అంచులు చిరగకుండా కూడా ఇదే నెట్ వాడతాం.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించాలి. ఇది ప్లాటినం సిలికాన్. లబ్బరు గ్లవ్స్ వేసుకుని ముట్టుకుంటే గట్టిపడదు, జిగురుగానే ఉండిపోతుంది. నైట్రైల్ గ్లవ్స్ వాడండి. గంధకం ఉన్న క్లే తగలకూడదు. చవగ్గా దొరికే టిన్ సిలికాన్‌తో చేసిన అచ్చులో పోయకూడదు. రెజిన్ ప్రింటర్ అచ్చు అయితే ఆల్కహాల్‌తో బాగా కడిగి, యూవీలో పూర్తిగా ఆరబెట్టి, పైన ఆక్రిలిక్ లక్కర్ కొట్టాక కూడా ముందు ఒక మూల పరీక్షించుకోండి. పీఎల్‌ఏతో ఈ బాధ లేదు.

00-30 డబ్బా మీద పాట్ లైఫ్ (కలిపాక గట్టిపడేలోగా దొరికే సమయం) 45 నిమిషాలు అని ఉంటుంది, అది 23 డిగ్రీల లెక్క. మన ఎండాకాలంలో అంత టైమ్ ఉండదు. ఏ, బీ డబ్బాలు రెండూ ముందురోజు ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

వైర్‌స్పూల్
మా గిరాకీ మొత్తం పోగొట్టేలా ఉన్నారు అన్నా :) కానీ అచ్చు మేమే ప్రింట్ చేస్తాం కాబట్టి సరే.

లేబర్‌రూమ్_టీచర్
నర్సింగ్ కాలేజీలో మంత్రసాని శిక్షణ ఇస్తాను. ఎపిసియోటమీ (కాన్పులో దారి కోసం పెట్టే గాటు) కుట్టడం నేర్పడానికి మేం ఇప్పటిదాకా స్పాంజికి ఎర్రగుడ్డ కుట్టి వాడుతున్నాం. పిల్లలకి పొరలు అర్థం కావడం లేదు. యోని లోపలి పొర, దాని కింద కండరం, బయట చర్మం, మూడూ విడివిడిగా కుట్టాలి. మేకప్‌గది గారు చెప్పినట్టు పొరలుగా పోయొచ్చా?

మేకప్‌గది
తప్పకుండా మేడమ్. కండరానికి 00-30లో ముదురు ఎరుపు, దాంట్లో మెత్తబరిచే మందు (స్లాకర్) కొంచెం. చర్మానికి డ్రాగన్ స్కిన్ 10లో నెట్ గుడ్డ. స్లాకర్ ఎక్కువైతే చేతికి అంటుకుంటుంది, పైన టాల్కం పౌడర్ చల్లండి. కండరం, చర్మం మధ్య పూర్తిగా అతుక్కోకుండా పల్చగా వ్యాజిలీన్ రాస్తే, విద్యార్థి కోసినప్పుడు పొరలు విడివిడిగా కనిపిస్తాయి. అక్కడక్కడా మాత్రం అతకనివ్వండి.

లేబర్‌రూమ్_టీచర్
ధన్యవాదాలు. దారం పైకి కనబడకుండా లోపలి నుంచి వేసే కుట్టు నేర్పాలంటే ఈ చర్మమే నాకు ముఖ్యం. ఈ నెల ప్రయత్నిస్తాను.

కాకినాడ_బయోమెడ్
మేకప్‌గది గారి పోస్టు ప్రింట్ తీసి గోడకి అంటించాను. ఇంకో ప్రశ్న. యూరాలజీ వాళ్లు కిడ్నీ మోడల్ అడుగుతున్నారు. కణితి ఉన్న భాగం మాత్రమే తీసేసే ఆపరేషన్ ప్రాక్టీస్‌కి. కాటరీ (కరెంటుతో కాల్చి కోసే పరికరం) పనిచేయాలట. సిలికాన్ మీద కాటరీ పెడితే?

అట్లాంటా_యూరో
నేను అమెరికాలో యూరాలజిస్ట్‌ని, సొంతూరు ఖమ్మం వైపు. సిలికాన్ మీద కాటరీ పెడితే ఏమీ కాదు. అది కరెంటుని ప్రసరింపనివ్వదు. కాటరీ కావాలంటే లోపల నీరు, ఉప్పు ఉన్న పదార్థం కావాలి, అంటే హైడ్రోజెల్.

సరిగ్గా మీరడిగిన ఆపరేషన్‌కే ఇక్కడ రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో అహ్మద్ ఘాజీ బృందం మోడళ్లు చేసింది. రోగి సీటీ స్కాన్ నుంచి కిడ్నీ, కణితి, రక్తనాళాలు వేరుచేసి అచ్చులు ప్రింట్ చేస్తారు. అందులో పాలీవినైల్ ఆల్కహాల్, అంటే పీవీఏ జెల్ పోస్తారు. నాళాల్లో రంగు నీరు ప్రవహిస్తుంది, కోస్తే 'రక్తం' వస్తుంది. నాళానికి క్లాంప్ (బిగింపు) వేసి, గడియారం పెట్టి, కణితి తీసి, కుట్టి, క్లాంప్ విప్పాలి. విప్పినప్పుడు కారితే మీ కుట్టు బాగోలేదన్నమాట. రోబో మీద ఇలాంటి దాంతో సాధన చేస్తే, నిజంగా రోగి మీద అదే కిడ్నీని ముందే ఒకసారి చూసినట్టుంటుంది.

సీటీ నుంచి మోడల్ తీయడానికి త్రీడీ స్లైసర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. స్కాన్ స్లైస్ మందం ఒక మిల్లీమీటర్ లేదా అంతకంటే తక్కువ ఉండేలా రేడియాలజీ వాళ్లని ముందే అడగండి. 5 మి.మీ. స్లైసులతో చేస్తే కిడ్నీ మెట్లమెట్లుగా వస్తుంది.

సందేహరాయుడు
పీవీఏ అంటే సపోర్ట్‌కి వాడే ఆ నీళ్లలో కరిగే ఫిలమెంటే కదా? అది నీళ్లలో కరిగించి పోస్తే సరిపోదా?

పాలిమర్_పద్మ
సరిపోదు, చాలామంది ఇక్కడే పడతారు. సపోర్ట్ ఫిలమెంట్ పాక్షికంగా హైడ్రోలైజ్ అయిన (అసిటేట్ గుంపులు కొన్ని మిగిలిన) పీవీఏ. నీళ్లలో సులువుగా కరగాలని అలా చేస్తారు. గడ్డకట్టించి కరిగించినప్పుడు గొలుసులు ఒకదాంతో ఒకటి పట్టుకుని స్ఫటికాలు కట్టాలంటే 98, 99 శాతం హైడ్రోలైజ్ అయిన, అణుభారం ఎక్కువ ఉన్న రకం కావాలి. కెమికల్ షాపులో అడిగేటప్పుడు 'ఫుల్లీ హైడ్రోలైజ్డ్' అని నొక్కి చెప్పండి.

బరువులో 10 శాతం చల్లటి నీళ్లలో చల్లి, కలుపుతూ 90 డిగ్రీలు దాటేవరకు వేడి చేయండి. మొదటే వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. మూత పెట్టండి, లేకపోతే నీరు ఆవిరై లెక్క మారుతుంది. బుడగలు పోయాక అచ్చులో పోసి, మైనస్ 20లో రాత్రంతా. పగలు గది వేడిలో నెమ్మదిగా కరగనివ్వండి. ఇదొక చక్రం. చక్రాలు పెరిగేకొద్దీ గట్టిపడుతుంది. కాబట్టి కణితిని విడిగా ముందు పోసి దానికి ఎక్కువ చక్రాలు తిప్పి, తర్వాత దాన్ని కిడ్నీ అచ్చులో పెట్టి చుట్టూ కొత్త జెల్ పోయొచ్చు. అప్పుడు వేలితో తడిమితే కణితి గట్టిగా తెలుస్తుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే. పదార్థం ఒక్కటే, గట్టిదనం మాత్రం మన చేతిలో ఉంటుంది.

కాటరీ కోసం 0.9 శాతం ఉప్పు చాలు. ఎక్కువ వేస్తే పీవీఏ నీళ్లలోంచి విడిపోయి తెల్లగా పేరుకుంటుంది. గాలికి వదిలేస్తే ఎండి కుంచించుకుపోతుంది, నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టండి. బూజు పట్టకుండా కొంచెం సోడియం బెంజోయేట్.

కాటరీ పెట్టేటప్పుడు పొగ పీల్చే ఏర్పాటు ఉండాలి. మోడలే కదా అని వదిలేయొద్దు.

లేబర్‌రూమ్_టీచర్
అల్ట్రాసౌండ్ చూస్తూ సిర కనుక్కుని సూది గుచ్చడానికి సిలికాన్ పనికొస్తుందా?

పాలిమర్_పద్మ
వద్దు. యంత్రం ధ్వని సెకనుకి 1540 మీటర్లు పోతుందని నమ్మి లోతు లెక్కగడుతుంది. సిలికాన్‌లో అది దాదాపు 1000 మాత్రమే. రెండు సెంటీమీటర్ల లోతున్న సిర తెర మీద మూడు దగ్గర కనిపిస్తుంది. పైగా సిలికాన్ ధ్వనిని బాగా మింగేస్తుంది. దీనికి జెలటిన్ చాలు. అందులో ఇసబ్‌గోల్ పొడి కలిపితే తెర మీద నిజమైన కండరంలా గింజగింజగా వస్తుంది. సిరకి నీళ్లు నింపిన సన్న బెలూన్. అయితే జెలటిన్ 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఫ్యాన్ కింద క్లాసు పెట్టుకుంటే మధ్యాహ్నానికి గిన్నెలో నీళ్లే.

వైర్‌స్పూల్
నేరుగా జెల్‌నే ప్రింట్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. కార్నెగీ మెలన్‌లో ఫైన్‌బర్గ్ బృందం 2020లో ఎంఆర్‌ఐ ఆధారంగా పూర్తి సైజు గుండెని ఆల్జినేట్‌తో ప్రింట్ చేసింది. ఫ్రెష్ అని పద్ధతి. జెలటిన్ ముద్దలో సూది పెట్టి ప్రింట్ చేస్తారు. జెల్ జారిపోకుండా ఆ ముద్ద పట్టుకుంటుంది. అయ్యాక 37 డిగ్రీలకి వేడి చేస్తే జెలటిన్ కరిగిపోయి గుండె మిగులుతుంది. కాబట్టి 'ప్రింట్ అవ్వదు' అని తీసిపారేయకండి.

సందేహరాయుడు
అది మన జిల్లా కాలేజీకి వచ్చేసరికి ఈ పీజీలంతా ప్రొఫెసర్లయి రిటైర్ అవుతారు.

వైర్‌స్పూల్
విశాఖ మెడ్‌టెక్ జోన్ (వైద్య పరికరాల తయారీ పార్కు) కూడా ఒకప్పుడు లేదు కదా. చూద్దాం.

కాకినాడ_బయోమెడ్
అప్‌డేట్. పేగు చేశాను. కాలువలా రెండు ముక్కల అచ్చు, మధ్యలో కడ్డీ. లోపల 00-10, మధ్యలో నెట్, పైన 00-30. ప్రొఫెసర్ గారు కుట్టి చూశారు. సూది దిగుతోంది, ముడి పట్టుకుంటోంది, అంచుకి దగ్గరగా వేస్తే కోసుకుపోతోంది. రెండు అభ్యంతరాలు చెప్పారు. దారం సిలికాన్‌లో బిర్రుగా పోతోంది, జారడం లేదు. రెండోది, నిజమైన పేగు కోయగానే మ్యూకోసా బయటికి ఉబికి వస్తుంది, దాన్ని లోపలికి నెడుతూ కుట్టడమే అసలు కష్టం. ఇందులో కోసిన అంచు చదునుగా ఉంటోంది.

డాక్టర్_రేపల్లె
మీ ప్రొఫెసర్‌కి నా నమస్కారం చెప్పండి. రెండోది చాలా ముఖ్యమైన మాట.

మేకప్‌గది
బిర్రుకి సబ్బు నీళ్లు, లేదా అల్ట్రాసౌండ్ జెల్ పల్చగా చేసి రాయండి.

ఉబకడానికి ఒక పని చేయొచ్చు. క్రమం తిరగేయండి. ముందు బయటి పొర, నెట్‌తో సహా, గొట్టంగా చేసి ఆరనివ్వండి. దాన్ని తిరగదీసి, కడ్డీ మీద పొడుగ్గా లాగి, రెండు కొసలు క్లిప్పులతో బిగించండి. సాగి ఉన్నప్పుడే దాని మీద మెత్తటి గులాబీ పొర పూసి ఆరబెట్టండి. క్లిప్పులు తీస్తే బయటి పొర వెనక్కి ముడుచుకుంటుంది, లోపలిది మాత్రం పొడుగ్గానే ఉండాలని చూస్తుంది. మళ్లీ తిరగదీసి కోయండి. అంచు దగ్గర అది బయటికి తన్నుకొస్తుంది. నెట్ గుడ్డ పొడుగు వైపు సాగే దిశలో ఉండాలి, లేకపోతే లాగినా సాగదు. ముడతల ముఖాలు ఇలాగే చేస్తాం.

పాలిమర్_పద్మ
లెక్క ప్రకారం పనిచేయాలి. 20, 30 శాతం సాగదీసి మొదలుపెట్టండి. మరీ లాగితే గొట్టం కోయకముందే లోపల ముడతలు పడుతుంది. పేగుకి లోపల ముడతలు ఎలాగూ ఉంటాయి కాబట్టి అదీ మంచిదేనేమో.

డాక్టర్_రేపల్లె
పరీక్ష ఎలా పెట్టాలో కూడా రాసేస్తా. కుట్టడం అయ్యాక ఒక కొస కట్టేయండి. రెండో కొసకి ఐవీ సెట్ తగిలించి, రంగు నీళ్ల బాటిల్‌ని పేగు మట్టానికి 30 సెంటీమీటర్ల పైన స్టాండుకి వేలాడదీయండి. ఎక్కడ కారుతోందో కళ్లెదురుగా కనబడుతుంది. తర్వాత గొట్టాన్ని పొడుగునా చీల్చి తిరగేసి లోపల నుంచి చూడండి, వెనక గోడని ముందు గోడతో కలిపి కుట్టేసినవాడు ఒకడైనా దొరుకుతాడు. అప్పుడు మార్కుల గురించి ఎవడూ వాదించడు. మేక పేగు మీద కూడా ఇది చేయొచ్చు, ఆ మాట మళ్లీ గుర్తుచేస్తున్నా.

కాకినాడ_బయోమెడ్
సార్, ఐవీ స్టాండులు మా దగ్గర బోలెడున్నాయి. సాగదీసి పోసే పద్ధతి సోమవారం మొదలుపెడతాను. అచ్చు ఫైలు అడిగినవాళ్లకి: లోపలి కడ్డీ 25 మి.మీ., గోడ మందం మొత్తం రెండున్నర, పొడవు 150. రెండు ముక్కలు కలిసే గీత పేగు పొడవునా పడుతుంది, అక్కడ పల్చటి రెక్కలా మిగులుతోంది. దాన్ని కత్తిరిస్తే గోడ బలహీనపడుతోంది. ఎవరికైనా ఉపాయం తెలుసా?

వైర్‌స్పూల్
కత్తిరించకండి. ఆ గీతని మెసెంటరీ (పేగుని పొట్ట వెనక గోడకి పట్టి ఉంచే పొర) వైపు పెట్టుకోండి. నిజమైన పేగుకి కూడా అక్కడే పొర అతికి ఉంటుంది కదా. ఫైలు నాకు పంపితే రెక్కని కాస్త వెడల్పు చేసి, బల్లకి పిన్నులు గుచ్చడానికి వీలుగా మార్చి ఇస్తాను.